అమావాస్య నాటి సర్వే

నేను సంతకం పెట్టబోతున్న కాగితం మీద అరచెయ్యి ఆనించి "పెట్టొద్దండి సార్" అన్న మనిషి నా జీవితంలో ఒక్కరే. ఆమె పేరు వసుంధర, ఊరు ధర్మవరం. ఆ రోజు ఆ చెయ్యి అడ్డం రాకపోతే, ముప్పయ్యొక్క ఏళ్ళు లెక్కలు చెప్పిన నేను పసిపిల్లలకు అన్యాయం చేసి, పైగా శాస్త్రీయంగా చేశానని మురిసిపోయేవాణ్ణి.

నేను హైస్కూల్లో రిటైరయ్యాక పెనుకొండలో ఒక చిన్న సేవాసంస్థకు కార్యదర్శినయ్యాను. తల్లులు పనిలో ఉండే వేళ వాళ్ళ పసిపిల్లల్ని చూసుకునే కేంద్రాలు మావి. హిందూపురంలో ఒకటి, పెనుకొండలో ఒకటి, ధర్మవరంలో ఒకటి. నిరుడు మాకు సాయం చేసేవాళ్ళు ఒక ఉత్తరం రాశారు. అవసరం తీరిపోయిన చోట కేంద్రం నడపొద్దు, ఏ ఊళ్ళో అవసరం ఎంత ఉందో ఆధారం చూపించండి అన్నారు. ఆధారం అన్న మాట వినగానే నాలోని లెక్కల మేష్టరు లేచి కూర్చున్నాడు. రాత్రికి రాత్రే ఒక ప్రశ్నాపత్రం తయారు చేశాను. అందులో అసలు ప్రశ్న ఇది: "పగటిపూట బిడ్డకు తోడుగా ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటారా? ఉంటే ఎందరు?" ఊరికి అరవై ఇళ్ళు తిరిగి నింపుకుని రమ్మని కార్యకర్తలకు ఇచ్చాను.

మిగతా ఇద్దరూ మూడేసి వారాలు తీసుకున్నారు. వసుంధర ఒక్క రోజులో అరవై ఇళ్ళూ ముగించింది. పని చేస్తే ఇలా చెయ్యాలని మిగతావాళ్ళ ముందు పొగిడాను కూడా. తర్వాత కూడి చూస్తే ధర్మవరంలో యాభై అయిదు ఇళ్ళలో బిడ్డకు తోడు ఉంది. అంటే తొంభై ఒకటి పాయింట్ ఆరు ఏడు శాతం. పాయింటు తర్వాత రెండంకెలు వచ్చాయంటే నాకిక దాని మీద అనుమానం ఉండదు. ధర్మవరం కేంద్రాన్ని నెలాఖరుకు మూసేస్తున్నామని ఉత్తరం టైపు చేయించి, మర్యాద కోసం ఆమెకు ఫోన్ చేసి చెప్పాను.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి పెనుకొండ వచ్చేసింది. నలభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంటుంది. నేతగాళ్ళ ఇంటి ఆడపడుచు, నేతగాళ్ళ ఇంటి కోడలు. భర్త నారాయణ ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు. ధర్మవరం కేంద్రం నడిచేది కూడా ఆమె ఇంటి ముందు గదిలోనే. పధ్నాలుగేళ్ళ కింద ఆమె కూతురు కీర్తన, అప్పటికి రెండేళ్ళది, మగ్గం గుంతలో పడింది. అక్కడివన్నీ గుంత మగ్గాలే. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని నేస్తారు. ఆ పిల్ల కనుబొమ్మ మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాతే వసుంధర మా దగ్గరికి వచ్చి కేంద్రం పెట్టించింది. పిల్ల పడినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు కాబోలని నేను అనుకునేవాణ్ణి. అడగలేదు.

"ఈ లెక్క నువ్వు తెచ్చిందే కదమ్మా?" అన్నాను, ఆమె ఉత్తరం మీంచి చెయ్యి తియ్యకపోయేసరికి.

"నేను తెచ్చిందే సార్. నా చేత్తో రాసిందే. అయినా తప్పు. నేను అమావాస్య పొద్దు పోయినా."

"పోతే?"

"అమావాస్య నేతగాళ్ళకు సెలవు గదా, ఆ పొద్దు మా వీధుల్లో ఒక్క మగ్గం ఆడదు సార్. పండగ మాదిరి అందరూ కాళ్ళు జాపుకోని కూర్చోనుంటారు. బిడ్డ ఒడిలోనే ఉంటాది. తోడు ఉండారా అంటే ఉండారనే చెప్తారు. కండ్ల ముందర ఉండారు గదా."

"మరి ఆ రోజే ఎందుకు వెళ్ళావు?"

"మిగతా పొద్దుల్లో పోతే ఎవురు పలుకుతారు సార్? మగ్గం మీదుండే మనిషిని దిగమని అడిగేది మా పక్క మర్యాద గాదు. అందుకే ఏ పని ఉన్నా అమావాస్యకే పెట్టుకుంటాం. అలవాటు కొద్దీ పోయినా. మీరు ఫోన్ చేసినాక గానీ బుర్రకు తట్టలే."

నాకు ఒళ్ళు మండింది. తన కేంద్రం పోతుందని తెలిశాక గుర్తొచ్చిన అమావాస్య ఇది అనుకున్నాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ మాట. నీకు నచ్చిన లెక్క వచ్చేదాకా సర్వే చేస్తామంటే దాన్ని సర్వే అనరమ్మా" అన్నాను. మాట కటువుగానే అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది గాని చెయ్యి కదల్లేదు.

"మీరు అనింది నిజమే సార్. నాకు నచ్చింది రావాలని మళ్ళీ చేస్తే మీరు నమ్మకూడదు. నమ్మేటట్ల ఎట్ల చెయ్యాల్నో కనుక్కోనొస్తా. నాలుగు దినాలు ఆగండి."

నాలుగు రోజులకు కొంప మునిగేదేముందని ఉత్తరాన్ని సొరుగులో పెట్టాను.

ఆమె ఇంటికి పోకుండా అటునుంచటే హిందూపురం వెళ్ళింది. అక్కడి కేంద్రంవాళ్ళు ఎలా చేశారో చూద్దామని. రాత్రికి అక్కగారింట్లో ఉంది. బావ గంగాధర పట్టుగూళ్ళు కొని దారం తీయించే మనిషి. పొద్దున ఆయన వెంట గూళ్ళ మార్కెట్‌కు పోయిందట. ఆ తర్వాతి ముచ్చట ఆమె నాకు చెప్పిందే. ఒక రైతు తట్ట నిండా గూళ్ళు పోసుకుని కూర్చున్నాడు. పైనున్నవి తెల్లగా, గట్టిగా ముచ్చటగా ఉన్నాయి. గంగాధర వాటివైపు చూడను కూడా చూడకుండా మోచేతిదాకా చెయ్యి తట్టలోకి దించి, అడుగు నుంచి ఒక పిడికెడు, నాలుగు మూలల నుంచి నాలుగు పిడికెళ్ళు తీసి వేరేగా పోసి చూశాడు.

"ఏం బావా, ఆయప్ప మోసగాడా?" అని అడిగింది వసుంధర.

"మోసమేముండాది వసుంధరా? పోసేటప్పుడు మంచివి పైకొస్తాయి, అంతే. ఆయప్పకూ తెలీదు అడుగున ఏముండాదో. పైవి చూసి రేటు చెప్తే మునిగేది నేను."

నాలుగో రోజు ఆమె నా ముందు కూర్చుని ఇది చెబుతూ ఉంటే కళ్ళు మెరుస్తున్నాయి. "సార్, నేను దూరవిద్యలో సోషల్ వర్క్ ఎమ్మే చేసినా గదా. దాంట్లో పరిశోధనా పద్ధతులని ఒక పేపరుండె. శాంపిల్ అంటే ఏంది, పక్షపాతం అంటే ఏంది, అన్నీ గైడు బట్టీ కొట్టి రాసినా. అరవై రెండు మార్కులు. మనం జనానికి సేవ చేసేటోళ్ళం, మనకెందుకు ఈ పీడ అని తిట్టుకుంటిమి అందరం. తట్టలో చెయ్యి పెట్టేది చూసినాక తెలిసింది అదేందో. నేను అమావాస్య నాడు తట్ట పైన గూళ్ళు చూసొచ్చినా."

ఆ పేపరును వెక్కిరించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. సేవకు కావలసింది మనసు, పట్టికలు వేసుకోవడం మాలాంటివాళ్ళ పని అని మీటింగుల్లో చెప్పేవాణ్ణి.

ఆమె కొత్త సర్వే ఎలా చెయ్యాలో రాసుకున్న కాగితం తీసింది. ధర్మవరం కేంద్రం పరిధిలో పసిపిల్లలున్న ఇళ్ళన్నిటికీ చీటీలు రాసి, అందులోంచి నలభై నా చేతే తీయించింది. ఏ ఇంటికి ఏ రోజు, ఏ వేళకు పోవాలో దానికీ చీటీలే. ఇంటికి వెళ్ళి ప్రశ్న అడగకూడదు, అరగంట కూర్చోవాలి. అయిదు నిమిషాలకోసారి గడియారం చూసి, చేతులు ఖాళీగా ఉండి బిడ్డ మీద కన్నున్న మనిషి ఉంటే ఒక గీత పెట్టుకోవాలి. సగానికి పైగా గీతలు పడితేనే ఆ ఇంట తోడు ఉన్నట్టు లెక్క.

"నువ్వే కూర్చుంటావా?" అన్నాను.

"నేను పోకూడదు సార్. నా పని పోతాదని ఊరంతా తెలుసు. నన్ను చూస్తే బిడ్డను కావాలనే నేల మీద వదిలేస్తారు, నా మీద ప్రేమ కొద్దీ. మన పెనుకొండ యల్లక్కను పంపండి. ఆయమ్మకు మా వీధుల్లో ఎవురూ తెలీదు."

చివరగా ఇంకో కాగితం మడిచి ఇచ్చింది. "నలభైలో సగానికి మించి ఇళ్ళలో తోడు ఉందని తేలితే ధర్మవరం కేంద్రం మూసివేయడానికి నాకు అభ్యంతరం లేదు" అని రాసి, కింద సంతకం, తేదీ. లెక్క మొదలు కాకముందే ఇచ్చింది. నా సొరుగులో నా ఉత్తరం పక్కనే దాన్ని పెట్టాను. అప్పుడు నాకు ఆమె మీద గౌరవం కలిగింది, కొంచెం భయం కూడా కలిగింది.

యల్లక్క మా పెనుకొండ కేంద్రంలో పిల్లల్ని చూసుకునే ఆమె. నోరు మెదపదు గాని ఏదీ వదిలిపెట్టదు. పిల్లలు ఇళ్ళలోనే ఉండాలని ధర్మవరం కేంద్రానికి సెలవిచ్చాం. ఆ పది రోజులూ యల్లక్క రోజూ రైల్లో అక్కడికి పోయి వచ్చింది. ఒక ఇంట్లో చౌడమ్మ అనే అవ్వ, "ఏమ్మా, దొంగతనానికి ఏమన్నా ఎత్తు వేస్తాండావా, అట్ల గడియారం చూసుకుంటా కూర్చున్నావు?" అని నిలదీసిందట. యల్లక్క ఆమె ఇచ్చిన కాఫీ తాగి, గీత పెట్టుకుని వచ్చింది.

లెక్క తేల్చే రోజు ముగ్గురం నా బల్ల చుట్టూ కూర్చున్నాం. యల్లక్క కట్ట విప్పింది. వసుంధర చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తోంది. నేను ఒక్కో కాగితం చదివి లెక్క కట్టాను. నలభై ఇళ్ళలో ముప్పై ఎనిమిదింట పెద్దవాళ్ళు ఉన్నారు. ఉండక ఎక్కడికి పోతారు, నేతగాడి ఇల్లే వాడి కార్ఖానా. కానీ ఇంటాయన కాళ్ళు గుంతలో, చేతులు మగ్గం మీద. ఇల్లాలు ఒక చేత్తో రాట్నం తిప్పుతూ ఇంకో చేత్తో కండెలకు దారం చుడుతోంది. బిడ్డ మీద కన్నున్న మనిషి పదకొండు ఇళ్ళలోనే ఉంది. ఇరవై తొమ్మిది ఇళ్ళలో లేదు.

"గెలిచావమ్మా!" అన్నాను. నిజంగా సంతోషం వేసింది. యల్లక్క కూడా నవ్వింది. నేను సొరుగు తెరిచి నా ఉత్తరం చింపబోయాను.

"ఆగండి సార్. వీధుల వారీగా కూడండి" అంది వసుంధర.

"తేలిపోయింది కదమ్మా, ఇంకెందుకు?"

"తట్టలో మూల మూలా చూడాల గదా సార్."

అలాగే కూడి చూశాను. ఆమె సొంత వీధివి పది ఇళ్ళు వచ్చాయి. ఎనిమిదింట తోడు ఉంది. ఆ వీధిలో సగం మగ్గాలు ఎప్పుడో ఆగిపోయాయి, అవ్వలు తీరుబడిగా ఉన్నారు. రైలు పట్టాల అవతలి బాడుగ ఇళ్ళు, కొత్త వీధులు కలిపి ముప్పై. అక్కడ తోడున్నవి మూడంటే మూడు. ఆ పిల్లలెవరూ మా కేంద్రానికి రారు. పట్టాలు దాటించి తెచ్చే తీరిక ఎవరికీ లేదు. మా రిజిస్టరులో ఉన్న ఇరవై ఆరుగురూ పట్టాలకు ఇవతలివాళ్ళే, అందరూ ఆమె వీధివాళ్ళే. తన చేతుల మీద పెరుగుతున్న పిల్లలు.

కావాలంటే ఆమె మొత్తం లెక్క దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. నేను ఆగిపోయాను కదా! ఆమె కళ్ళు తుడుచుకుంది. "కేంద్రం పట్టాల అవతలికి మార్చాల సార్. మా ఇంట్లో పెట్టుకుంటే అది నా కోసం పెట్టుకున్నట్టు" అంది.

మార్చాం. వీధిలో గొడవ మామూలుగా కాలేదు. మనవరాలిని రోజూ కేంద్రంలో వదిలి నిశ్చింతగా ఉండే చౌడమ్మ నడి వీధిలో నిలబెట్టి అడిగింది: "తిన్నింటి వాసాలు లెక్కపెట్టినావు కదే! ఆ రాఘవేంద్ర సారు మూసేస్తానంటే మేమంతా నీ పక్క నిలబడ్తిమి. నువ్వే ఎత్తుకోని పోతాండావు." రాఘవేంద్ర సారు అంటే నేనే. వసుంధర ఎదురు చెప్పలేదు. ఉయ్యాల, చాపలు, గిన్నెలు ఆటోలో వేయించి నారాయణను వెంట పంపింది. తన వీధిలో చూసిన ఇళ్ళలో నిజంగా తోడు లేనివి రెండున్నాయి కదా, ఆ రెండిళ్ళ పిల్లల్ని పొద్దున్నే ఒకరిని చంకనేసుకుని, ఒకరిని నడిపించుకుని పట్టాల మీది వంతెన ఎక్కి దిగుతుంది. ఇప్పటికీ అంతే.

కొత్త కేంద్రం మొదలైన వారానికి చూడ్డానికి వెళ్ళాను. పద్దెనిమిది మంది పిల్లలు. ఆమె గంజి తాగిస్తోంది. నా మనసులో మెదులుతున్న మాట అప్పుడు అడిగాను. "అమావాస్య సంగతి సరే. నేను రాసిన ప్రశ్నే తప్పని నీకెప్పుడు తెలిసిందమ్మా? ఇంట్లో మనిషి ఉండటం వేరు, చేతులు ఖాళీగా ఉండటం వేరు అని?"

చేతులు కడుక్కుని వచ్చి తన సంచిలోంచి మడత నలిగిన కాగితం తీసి ఇచ్చింది. అది నా ప్రశ్నాపత్రమే. "హిందూపురం నుంచి వస్తా రైల్లో నింపినా సార్. ఊరందర్నీ అడిగినా గానీ మా ఇంటిని అడగలేదని గుర్తొచ్చె" అంది.

పైన తేదీ వేసింది, పధ్నాలుగేళ్ళ కిందటిది. కీర్తన గుంతలో పడిన రోజు. కింద నా ప్రశ్న, దానికి ఆమె గుండ్రటి అక్షరాల్లో జవాబు:

"బిడ్డకు తోడుగా పెద్దవాళ్ళు: ఉన్నారు. ఎందరు: నలుగురు."

ఆ కాగితం ఇప్పుడు నా బల్ల మీద అద్దం కింద ఉంది. కొత్తగా పనిలో చేరేవాళ్ళకు ముందు దాన్ని చదివిస్తాను, తర్వాతే ఖాళీ పత్రం చేతికిచ్చి నింపుకుని రమ్మని ముందు వాళ్ళ సొంత ఇంటికే పంపుతాను.