వదిన పెట్టిన మామిడికాయ

పోయిన వేసవిలో అరకులో మాకిచ్చిన గదిలో అడుగుపెట్టి స్విచ్చి వేయగానే నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరిగితే, చేతిలో సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. ఫ్యాను తిరగడంలో వింతేముందని ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ నా ఈడువాళ్ళు, ముఖ్యంగా విశాఖ, విజయనగరం వైపు ఉద్యోగాలు వెలగబెట్టినవాళ్ళు నవ్వరు. మా రోజుల్లో అరకు ఇళ్ళకు ఫ్యాను తగిలించే కొక్కెమే ఉండేది కాదు. నడివేసవిలో కూడా రగ్గు తెచ్చుకోకుండా కొండెక్కినవాణ్ణి వెర్రిబాగులవాడి కింద జమకట్టేవారు. మంచం పక్కన ఒక రిమోటు కూడా ఉంటే టీవీది కాబోలనుకున్నాను. ఏసీదని మా శిష్యురాలు చెప్పింది.

నన్ను అక్కడికి రప్పించింది ఆ శిష్యురాలే. ఇప్పుడు యూనివర్సిటీలో పెద్ద ప్రొఫెసరు, తల సగం నెరిసింది, నాకు మాత్రం ఇంకా రెండు జడల పిల్లే. కొత్తగా చేరిన పిల్లలకు క్లైమేట్ చేంజ్ కోర్సు మొదలుపెడుతున్నామనీ, మొదటి పాఠం అరకులోనే చెప్పాలనీ, అది నేనే చెప్పాలనీ పట్టుపట్టింది. రిటైరయ్యాక నా మాట వినేవాళ్ళు ఇంట్లోనే కరువయ్యారు కనుక, బెట్టు చేయకుండా ఒప్పేసుకున్నాను.

పాఠం చెప్పడానికి అరకే ఎందుకంటే, ఆ అలవాటు పెట్టింది నేనే. కాలేజీలో భూగోళం లెక్చరరుగా చేరిన కొత్తలో ఏటా చైత్రమాసంలో పిల్లల్ని కిరండూల్ పాసింజరు ఎక్కించి కొండలకు తీసుకువెళ్ళేదాన్ని. శృంగవరపుకోట దాకా చెమటలు కక్కుతూ, చొక్కా గుండీలు విప్పుకుని, ఈ ఎండలో స్వెట్టర్లు తెమ్మన్న మేడానికి మతి పోయిందని గుసగుసలాడుకుంటూ కూర్చునేవాళ్ళు. నేను విననట్టే ఊరుకునేదాన్ని. బండి ఘాట్ ఎక్కి, ఒకటీ రెండూ సొరంగాలు దాటి టైడా స్టేషన్లో ఆగేసరికి కిటికీలోంచి చల్లగాలి చెంప మీద కొట్టినట్టు తగిలేది, ఒక్కొక్కరే నా వైపు చూడకుండా స్వెట్టర్లు బయటికి తీసేవారు. అప్పుడు మొదలుపెట్టేదాన్ని నా పాఠం. వెదరంటే మనిషికి పూటపూటకీ వచ్చే కోపతాపాల వంటిది, క్లైమేటంటే ఆ మనిషి గుణం వంటిది, కోపం వస్తుంది పోతుంది, గుణాన్ని నమ్ముకుని కాపురం చేయవచ్చు అనేదాన్ని. పెళ్ళికాని పిల్లలు కదా, ఆ పోలికకు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు.

మేము దిగేది అరకుకు కాస్త ఎడంగా ఉన్న ఒక గిరిజన గూడెంలో. బడి వరండాలో పడకలు, దిసారిగారి ఇంట్లో భోజనాలు. దిసారి అంటే ఆ ఊరి పండుగలకూ విత్తనాలు చల్లడానికీ మంచిరోజు చూసి చెప్పే పెద్ద. ఆయన భార్య నా వయసుదే. మొదటి ఏడే ఆమెను వదినా అన్నాను, ఆమె నన్ను మేడమమ్మా అంది, ఆ పిలుపులు అలాగే ఉండిపోయాయి. సామబియ్యం అన్నం, చిక్కుడుగింజల కూర ఆమె వండిపెడితే, మెస్సులో వంకలు పెట్టే పిల్లలు కూడా మారడిగి తినేవాళ్ళు.

వాళ్ళ పెరట్లో పెద్ద మామిడిచెట్టు ఒకటి ఉండేది. ఒక ఏడు, ఇప్పటి మా ప్రొఫెసరుగారు, అప్పటి రెండు జడల పిల్ల, చెట్టు కింద రాలిన పచ్చికాయ ఒకటి ఏరి, పైటకు తుడుచుకుని, కొరకబోయింది. ఎక్కడినుంచి చూసిందో వదిన, చేతిలో చేట విసిరేసి పరుగున వచ్చి ఆ పిల్ల చేతి మీద ఒక్కటేసింది, కాయ ఎగిరి అవతల పడింది.

"ఏటి సేత్తన్నావు గుంటా? కొత్త అవ్వకుండా ముట్టుకోకూడదు. నోట్లో ఏటైనా ఉంటే ఉమ్మీ బేగి."

చప్పుడుకు ఊరు ఊరంతా పోగైంది. వాళ్ళ ఆచారం అది. దిసారి రోజు చెప్పాలి, ఆ రోజు ఆయన భార్య స్వయంగా కొమ్మ మీదినుంచి కాయ కోసి ఊరి అమ్మవారి రాతి ముందు పెట్టాలి, ఆ మామిడి కొత్త జరిగాకే ఊరివాళ్ళు మామిడి రుచి చూడాలి. అంతవరకూ కాయలు కాళ్ళకు తగిలినా పసిపిల్లలతో సహా పక్కకు తప్పుకుని నడుస్తారు. ముందే తింటే ఊరికి కీడని నమ్మకం. రాలిన కాయ అమ్మవారికి పనికిరాదు, కోసినదే కావాలి. కొత్త అయ్యాక మాత్రం ఇక ఊరంతా మామిడే. టెంకలు కూడా పారేయకుండా లోపలి పప్పు ఎండబెట్టి దాచుకుని, వానాకాలంలో తిండి చాలనప్పుడు ఆ పిండితో అంబలి కాచుకునేవారు. మా పిల్ల ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుంది. సాయంత్రం వదినే దగ్గర కూర్చోబెట్టుకుని జడలు విప్పి మళ్ళీ అల్లింది. కొట్టిన చేత్తోనే అన్నం కూడా కలిపి పెట్టింది.

మళ్ళీ పోయిన వేసవికి వస్తాను. టైడాలో పాత అలవాటు కొద్దీ శాలువా ఒళ్ళో పెట్టుకుని చల్లగాలి కోసం ఎదురుచూస్తే, వేడిగాలే తగిలింది. ఒక్క పూట వేడికి ఏమీ తేల్చకూడదని పిల్లలకు చెప్పినదాన్ని నేనే కనుక నోరు మూసుకున్నాను. మర్నాడు గూడెం బడి వరండాలో ముందుగా మా ప్రొఫెసరు తెర మీద గీతలు చూపిస్తూ చక్కగానే చెప్పింది. బొగ్గూ పెట్రోలూ మండిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడు భూమి వేడిని బయటికి పోనివ్వకుండా దుప్పటిలా కప్పుతుందనీ, అందువల్ల రాత్రిళ్ళ చలి తగ్గిపోతోందనీ, మామిడి బాగా పూయాలంటే చలికాలంలో ఆ చలి తగలాలనీ, వానలు అదను తప్పితే పూత నిలవదనీ వివరించింది. పిల్లలు తెరకు ఫోటోలు తీసుకున్నారు. రాసుకునే శ్రమ కూడా లేదు, ఎంత సుఖమో అనుకున్నాను.

నా వంతుకు ముందు వదినను చూసి వద్దామని, అందరం ఆ ఇంటికి నడిచాం. దిసారిగారు పోయి చాలా కాలమైంది, ఇప్పుడు వాళ్ళ అబ్బాయి దిసారి, కాయ కోసి పెట్టే పని మాత్రం ఇంకా వదినదే. చైత్రమాసం, కొత్తకు ఇంకా నాలుగైదు రోజులున్నాయి. పెరట్లో చెట్టు ఉంది, ఆకులున్నాయి. ఎంత వెతికినా కాయ కనబడలేదు. వదిన నన్ను చూసి బోసినోటితో నవ్వి, ఆ వెనకనున్న తన రెండు జడల పిల్లను గుర్తుపట్టి, గబగబా లోపలికి వెళ్ళి ఒక కాయ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఒక పక్క నల్లగా కమిలిన, రాలిన కాయ.

"తిను తల్లీ," అంది.

కొత్త అప్పుడే పెట్టేశారా వదినా అని అడిగాను.

"ఎక్కడి కొత్త, మేడమమ్మా. పూత మీద వాన పడిపోనాది, మిగిలిన పిందె ఎండకి మాడిపోనాది. కొమ్మన కాయ లేదు. రాలినవి రాలినట్టు తినీమన్నారు పెద్దలు."

మరి అమ్మవారికో అన్నాను. ఆమె గుమ్మం పక్కనున్న సంచి చూపించింది. సంతనుంచి తెచ్చిన కాయలు, కింద మా మైదానాల నుంచి లారీలో వచ్చినవి. పోయిన ఏడూ అంతేనట. ఈ చెట్టు కాయ నా చేత్తో కోసి పెట్టకుండానే పోతానేమో మేడమమ్మా, అని ఒక్కసారి అని, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వానాకాలం అంబలికి ఏం చేస్తారంటే రేషను బియ్యం ఉన్నాయి కదా అంది.

మా ప్రొఫెసరు ఆ కాయ చేతిలో పట్టుకుని కొరకలేక, వద్దనలేక, అన్ని గీతలూ చదివిన మనిషి, చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఆమె విద్యార్థులు ఫోన్లు దించేశారు. ఒక్కరూ ఫోటో తీయలేదు.

నేను చెప్పవలసిన మొదటి పాఠం చెప్పలేకపోయాను. గుణాన్ని నమ్ముకుని కాపురం చేయవచ్చన్న మాట ఆ ముంగిట్లో ఏ నోటితో అనను? ఆ మధ్య నాకు పెద్ద జబ్బు చేసిందని డాక్టరు చెప్పినప్పుడు కూడా నేనింత నివ్వెరపోలేదు. ఇంటికి వచ్చి ఇన్నాళ్ళైనా, కాళ్ళకు తగిలిన కాయను తప్పుకుని నడిచిన ఆ పసిపిల్లలే కళ్ళ ముందు మెదులుతున్నారు. ఆనాడు మా పిల్ల చేతి మీద పడిన దెబ్బ చప్పుడు కూడా ఇంకా వినిపిస్తూనే ఉంది. నా ఈడువాళ్ళకు పెద్ద కోరికలు ఉండకూడదంటారు, ఉన్నదల్లా ఒకటే. ఆ చెట్టు నిండా కాయలుండగా, కొత్త కాకుండా ముట్టుకున్నందుకు వదిన ఎవరినైనా మళ్ళీ అలా కొడితే చూడాలని ఉంది.