పిడుగును చూపించబోయి

సోఫాల మేస్త్రికి ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి అప్పటికి అయిదేళ్ళు. వీధి వీధంతా వాణ్ణి పిడుగు అనే పిలుస్తుంది. కాసేపు వదిలేస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. చిన్నది ఆడపిల్ల, మూడో ఏడు నడుస్తోంది. పుట్టినప్పుడు చేతిలో దూదిలా ఉందని నానమ్మ పింజ అని ముద్దుగా పిలిచింది, ఆ పేరే నిలిచిపోయింది. పింజ నోట్లో నాలుక లేని పిల్ల. మారాం చెయ్యదు, ఎత్తుకోమనదు, పెట్టింది తింటుంది.

మేస్త్రి కొట్టు ఇంటి కిందే. పాత సోఫాల బట్ట విప్పి, స్ప్రింగులు బిగించి, లోపలి స్పాంజి మార్చి, కొత్త బట్ట తొడగడం ఆయన పని. భార్య మందుల షాపులో కౌంటరు దగ్గర ఉంటుంది. పొద్దున్నే ఆవిడ వెళ్ళిపోతే పింజ కొట్లోకి దిగేది. గోడకు ఆనించిన రెండు స్పాంజి పలకల సందులో దూరి, వాటిని తన మీదికి లాక్కుని, సాయంత్రం దాకా అలాగే ఉండేది. వచ్చినవాళ్ళంతా, "ఎంత బుద్ధిమంతురాలండీ! మా ఇంట్లో రాక్షసులకి కాస్త నేర్పించకూడదూ?" అనేవాళ్ళు. మేస్త్రి పైకి ఏమీ అనేవాడు కాదు గానీ లోపల పొంగిపోయేవాడు.

గొడవంతా పిడుగు దగ్గరే మొదలయింది. వాడి బడి నుంచి కబురొచ్చింది. ఒక్కచోట కూర్చోడు, పక్కవాళ్ళని గిచ్చుతాడు, చెప్పింది చెవిన వేసుకోడు. "ఆటిజం లాంటిదేమైనా ఉందేమో, ఒకసారి పిల్లల ఆసుపత్రిలో చూపించండి. పరీక్ష చేయిస్తే పోయేదేముంది?" అంది వాళ్ళ టీచరు. ఆ మాట మేస్త్రి ఎప్పుడూ విన్నది కాదు. అల్లరికి ఇంత పెద్ద పేరుంటుందా అనుకున్నాడు.

ఆసుపత్రికి వెళ్ళే రోజున నానమ్మకు మోకాళ్ళ నొప్పి. పింజను ఆవిడ దగ్గర వదల్లేక, ఎలాగూ పేచీ పెట్టే పిల్ల కాదు గదా అని వెంట తీసుకెళ్ళారు.

లోపల బల్ల, కుర్చీ ఒక మూలకు నెట్టి ఉన్నాయి. డాక్టరమ్మ చాప మీద బొమ్మల మధ్య కూర్చుని ఉంది. పిడుగు వెళ్ళీ వెళ్ళగానే ఆవిడ కళ్ళజోడుకు తాడెందుకని అడిగాడు. మోకాలి మీది దెబ్బ చూపించాడు. తను కట్టిన బ్లాకుల మేడ కూలిపోతే, "మీరే ఊదారు!" అని తప్పు ఆవిడ మీదికే నెట్టాడు. ఆవిడ తల్లిదండ్రులని చాలా ప్రశ్నలు అడిగింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? కావలసింది వేలు పెట్టి చూపిస్తాడా? తనకు నచ్చినవి తెచ్చి మీకు చూపిస్తాడా?

"చూపించకపోతే బాగుండునండీ, చచ్చిన బొద్దింకలు కూడా తెచ్చి చూపిస్తాడు," అన్నాడు మేస్త్రి.

డాక్టరమ్మ నవ్వింది. "వీడిలో నాకు ఆ సూచనలేమీ కనిపించడం లేదు. అల్లరి ఉంది. దాని సంగతి బడివాళ్ళతో నేను మాట్లాడతాను."

మేస్త్రి హమ్మయ్య అనుకుని లేవబోయాడు. ఆవిడ మాత్రం లేవలేదు. మూలనున్న కుర్చీ వైపు చూస్తోంది. పింజ నేలకు చెంప ఆనించి పడుకుని, ఆ కుర్చీ చక్రాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుకుంటోంది. వచ్చినప్పటి నుంచీ అదే పని.

"పాపను ఏమని పిలుస్తారు?"

చెప్పారు. ఆవిడ పిలిచింది. మళ్ళీ పిలిచింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"చెవుడు లేదండీ," అంది తల్లి కంగారుగా. "చాక్లెట్ కాగితం చప్పుడైతే పక్క గదిలోంచి వస్తుంది."

"అవునా? సరే, పాప గురించి కూడా అవే ప్రశ్నలు అడుగుతాను. వేలు పెట్టి చూపిస్తుందా?"

మేస్త్రి తన భార్య ముఖం చూశాడు, ఆవిడ ఆయన ముఖం చూసింది. ఎంత గుర్తు చేసుకున్నా పింజ వేలెత్తిన జ్ఞాపకం రాలేదు. ఏదైనా కావాలంటే వచ్చి నాన్న మణికట్టు పట్టుకుంటుంది. లాక్కెళ్ళి ఆ చేతిని ఆ వస్తువు మీద పెడుతుంది. ముఖం కేసి మాత్రం చూడదు. కూతురు తన చెయ్యి పట్టుకుంటుందని ఇన్నాళ్ళూ మురిసిపోయాడాయన.

"అది ప్రేమ కాదంటారా?" అని అడిగేశాడు.

"కాదని నేనెక్కడన్నానండీ?" అంది డాక్టరమ్మ మెల్లగా. "ప్రేమ ఉంది. అడగడం ఇంకా రాలేదు. మరోసారి రండి, తీరిగ్గా చూద్దాం."

బయటికొచ్చాక మేస్త్రికి ఏం జరిగిందో అర్థం కాలేదు. కొడుకును చూపించబోతే కూతురి దగ్గర తేలింది. సంతోషించాలా, ఏడవాలా? పిడుగు ఆయన చొక్కా పట్టుకుని, "నేను పాసయ్యానా నాన్నా?" అని అడుగుతున్నాడు.

ఇంట్లో నానమ్మ విరుచుకుపడింది. "మాటలు ఆలస్యమైతే జబ్బా? నువ్వూ నాలుగేళ్ళదాకా పలకలేదు. ఇప్పుడు బాగానే ఉన్నావుగా!"

"ఆయన ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడుతున్నారు గనకా?" అంది భార్య.

ఆ మాటకు మేస్త్రి బుర్ర ఇంకా గిర్రున తిరిగింది. పిల్లలు పడుకున్నాక భార్యను అడిగాడు. "మందులమ్మేదానివి, నీకు తెలుస్తుంది. దీనికి ఏ మందు వాడతారు?"

"మందు లేదండీ. రోగమైతే గదా మందుండేది."

"రోగం కాకపోతే మరి ఆసుపత్రి ఎందుకు?"



రెండోసారీ మూడోసారీ వెళ్ళాక డాక్టరమ్మ ఆటిజం అనే ఖాయం చేసింది. చిన్నప్పుడే కనిపెట్టడం మంచిదయిందని చెప్పి, ఒక ప్రాథమిక పాఠశాల వెనక గదిలో నడిచే చిన్నపిల్లల ప్రత్యేక తరగతికి పంపింది. మొదట్లో పొద్దుటి పూట తల్లో తండ్రో పక్కన కూర్చోవాలి. భార్యకు సెలవు దొరకదు. మేస్త్రే కొట్టు ఆలస్యంగా తెరవడం మొదలుపెట్టాడు.

తరగతి అంటే పలక, బలపం, అక్షరాలు ఉంటాయనుకున్నాడు. అక్కడి టీచరు సబ్బునీళ్ళ సీసా తీసి బుడగలు ఊదింది. పింజ చూపు వాటి మీద నిలిచింది. టీచరు సీసాకు మూత బిగించి ఊరుకుంది. పింజ ఆవిడ మణికట్టు పట్టుకుని సీసా మీద పెట్టింది. టీచరు ఉలకలేదు, పలకలేదు. మేస్త్రి ఉండబట్టలేకపోయాడు.

"ఊదండి టీచరుగారూ, అడుగుతోందిగా!"

"అడుగుతోంది. కానీ నా చేతిని అడుగుతోందండీ. నన్ను అడగనిద్దాం."

ఆ మాట ఆయనకు అర్థమయీ కానట్టుంది. ఇంటికొచ్చాక తనూ అలాగే చేసి చూశాడు. అరమీద సోఫా బొత్తాల డబ్బా ఉంటుంది, పింజకు అవి ఇష్టం. చెయ్యి పట్టుకుని లాగింది. ఈయన రాయిలా కూర్చున్నాడు. ఆ పిల్ల కాసేపు లాగి, చెయ్యి వదిలేసి, పేచీ పెట్టకుండా స్పాంజి సందులోకి వెళ్ళిపోయింది. మేస్త్రి వెంటనే లేచాడు. తనే డబ్బా దించి ఇచ్చేశాడు. మర్నాడు టీచరుతో చెప్పుకున్నాడు.

"కాస్త ఆగాలి, మరీ ఆగకూడదు," అందావిడ.

"కాస్త అంటే ఎంతండీ?"

"పాపను చూస్తూ ఉండండి, తెలుస్తుంది."

టేపు పెట్టి కొలిచి కత్తెర వేసేవాడికి ఇదేం లెక్కో పాలుపోలేదు.

పింజకు ఒంటిని అదిమినట్టుండే చోటు హాయిగా ఉంటుందని టీచరు చెబితే, ఆ పనయితే తనకొచ్చునని ఉత్సాహపడ్డాడు. ఇరుపక్కలా ఎత్తైన దిళ్ళు పెట్టి, మెత్తటి వెల్వెట్టు తొడిగి, చిన్న సోఫా ఒకటి చేసి తరగతికి మోసుకెళ్ళాడు. పింజ దాని వైపు కన్నెత్తి చూడలేదు. ఇంకో పిల్లవాడు ఎక్కి కూర్చుని, లేపితే గది అదిరేలా ఏడ్చాడు. సోఫా వాడిదైపోయింది.

చాలా నెలలు ఏ మార్పూ లేనట్టే గడిచాయి. తర్వాత ఒకరోజు అన్నం తినిపిస్తుంటే పింజ నానమ్మ చేతిని తోసేసి "వద్దు" అంది. అదే పింజ మొదటి మాట. ముసలావిడ కంచం కింద పెట్టి ఏడ్చేసింది. ఆ ఒక్క మాటతో పింజ ఇంటిని ఆడించింది. స్నానం వద్దు, చెప్పులు వద్దు, అన్నయ్య వద్దు. కొట్లో బాగుచేసిన సోఫాను తీసుకుపోవడానికి వచ్చినాయన మీద కేకలు పెట్టి, దాని కాలు పట్టుకుని వేలాడింది.

"ఏమయిందండీ ఈ పిల్లకి? ఇదివరకు ఎంత బుద్ధిగా ఉండేది!" అన్నాడాయన.

మేస్త్రి భయపడి టీచరు దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "వద్దు అంటే చిన్న మాటనుకున్నారా? తన మనసులో ఉన్నది మీకు చెబుతోంది."

"అందరినీ సతాయిస్తోందండీ."

"సతాయించనివ్వండి. దారిలో పెట్టడం తర్వాత నేర్పుదాం."

పిల్ల ఎవరి జోలికీ పోనప్పుడు డాక్టరమ్మ దిగులుపడింది. అందరినీ అల్లాడిస్తుంటే టీచరమ్మ సంబరపడుతోంది. ఆయన ఇంటికి వచ్చి భార్యకు ఇదే చెబితే, ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అది చూసి ఇంకా తికమకపడ్డాడు.

ఇప్పుడు పింజ పూటలో సగం మామూలు బడికి, సగం వెనక గదికి వెళుతుంది. పక్కన కూర్చోనక్కర్లేదు, మేస్త్రి వసారాలో ఉంటే చాలు. నాలుగు మాటలు కలిపి చెబుతుంది, అదీ తన ఇష్టమైనప్పుడు. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు చెవులు మూసుకుని మూలన కూర్చుంటుంది. పెద్దయ్యాక ఎలా ఉంటుందని ఎవరిని అడిగినా సూటిగా చెప్పరు. దాస్తున్నారేమో అని మేస్త్రి మొదట్లో అనుకునేవాడు. వాళ్ళకీ తెలియదని మెల్లగా తెలిసింది.

మొన్న తరగతికి ఒక కొత్త తండ్రి వచ్చాడు. మొదటిరోజు పిల్లవాణ్ణి ఒక్కణ్ణే చూస్తానని టీచరు అంటే, కొడుకును లోపలికి పంపి, వసారాలో మేస్త్రి పక్కన కూర్చున్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది.

"మీరు చాలా కాలంగా వస్తున్నారట కదా. మావాడికి నయమవుతుందాండీ? ఇక్కడ అసలు ఏం చేస్తారు?"

ఏదో ఒకటి చెబుదామని మేస్త్రి నోరు తెరిచాడు. బుడగల సంగతి చెప్పాలా, వద్దు అన్న మాట సంగతా? ఎక్కడ మొదలుపెట్టినా ఈయన ఇంకా గాభరా పడేటట్టున్నాడు. ఇంతలో లోపలి నుంచి ఒక ఆడపిల్ల గట్టిగా అరిచింది. కొత్తాయన ఉలిక్కిపడ్డాడు.

"కంగారు పడకండి, మా అమ్మాయే," అన్నాడు మేస్త్రి. ఆ మాట అంటుంటే తనకు సిగ్గుగా ఉందో గర్వంగా ఉందో ఆయనకే తెలియలేదు. "ఇక్కడ ఏం చేస్తారో నాకూ పూర్తిగా తెలీదండీ. మీరు కూర్చున్నచోటికి ఫ్యాను గాలి రాదు. ఇటు జరగండి."

ఆయన జరిగాడు.