ముందు చేతికి చిక్కిన ఎలకలు

కంపు గురించి నన్నడగాలి. ఇరవై రెండేళ్లుగా మందుల పరిశోధన సంస్థలో ఎలకల గూళ్లు కడుగుతున్నాను. ఉచ్చలో నానిన రంపప్పొట్టు వాసన సబ్బుకి లొంగదు, మా ఆవిడ నా చొక్కా వేరే బకెట్లో నానేస్తుంది. అయినా నాకు వాంతి తెప్పించింది ఆ కంపు కాదు. డాక్టరమ్మ విషయంలో జరిగింది.

డాక్టరమ్మంటే రోగుల్ని చూసే డాక్టరు కాదు. మెదడు మీద మందులెలా పనిచేస్తాయో చూసే మనిషి. మెదట్లో కబుర్లు మోసే రసాలుంటాయట, ఆ కబురందుకునే గుమ్మాలుంటాయట, రిసెప్టర్లంటారు. "ఒక్క గుమ్మం మూయగలిగితే చాలయ్యా, ఉత్తుత్తి భయం మనిషిలోకి రాదు" అనేది. ఆ గుమ్మం పట్టుకునే పద్దెనిమిదేళ్లు వేలాడింది. పెళ్లి మాటెత్తితే వాళ్లమ్మే, "దానికి ఎలకలతో కాపురం కుదిరిందిగా" అనేదట.

పరీక్ష ఇదీ. నడుమెత్తున కూడిక గుర్తులాంటి బల్ల. దాని నాలుగు చేతుల్లో రెండింటికి గోడలు, రెండింటికి లేవు. పిరికి ఎలక గోడల మధ్య నక్కుతుంది, ధైర్యం ఉన్నది అంచుదాకా వచ్చి కిందికి తొంగిచూస్తుంది. మందు పొడిచినవి అంచుకొచ్చేవి, ఉప్పునీళ్లు పొడిచినవి నక్కేవి. ఏటేటా అంతే. పుస్తకాల్లో అచ్చయింది, మందుల కంపెనీ వచ్చింది, మా సంస్థ నడిపే పెద్దసారు గదిలోకి కొత్త సోఫా వచ్చింది. ఇక మనుషులకివ్వడమే తరువాయి.

ఓ రోజు కొత్త ఎలకల్ని విడదీస్తుంటే ఆవిడ పక్కనే నిలబడింది.

"ఇదేంటయ్యా, చెయ్యి పడినా కదలదు?"

"ముందు చిక్కేవన్నీ ఇంతేనమ్మా, నిమ్మకు నీరెత్తినట్టుంటాయి. చివర్న మిగిలేవే నా ప్రాణం తీస్తాయి. మూత తీస్తే చాలు, ఒకటే గంతులు."

"ముందు చిక్కినవి ఎందులో వేస్తావు?"

"మందు పెట్టెలో. మొదటి పది మందుకి, మిగతావి నీళ్లకి. నాకు ముందున్నాయన అలాగే చెప్పాడు."

"చీట్లు తీసి పంచమని గోడకి కాగితం అంటించానే!"

"నేను ఐదో తరగతితోనే చదువు ఆపేశానమ్మా. ఆ కాగితం తడిసి ఎప్పుడో ఊడింది."

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. గోడకి ఆనుకుని అంది: "అంటే ధైర్యం మందుది కాదు. నువ్వేరిన ఎలకలది."

మూడు నెలలు చీట్లు తీసి మళ్లీ చేసింది. ఏది మందో ఏది నీళ్లో తనకే తెలియకుండా చేసింది. రెండు గుంపులూ ఒకేలా నక్కాయి.

పెద్దసారు దగ్గరికి రిజిస్టర్లు నేనే మోసుకెళ్లాను. ఆయన నన్ను చూసి ముక్కు మూసుకున్నాడు.

"పెంటెత్తేవాడి మాట విని పద్దెనిమిదేళ్ల పని బూడిదలో పోస్తావా? మనుషుల మీద ఎలాగూ చూస్తారు. పనిచెయ్యకపోతే అప్పుడే తెలుస్తుంది."

"పనిచేసే మందు మానేసి ఇది మింగుతారు సార్ వాళ్లు."

"రెండేళ్లలో రిటైరవుతావు. గౌరవంగా వెళ్లమ్మా."

ఆ సాయంత్రమే డాక్టరమ్మ తన ఫలితం తప్పంటూ కంపెనీకి ఉత్తరం రాసింది. "నా పేరు పెట్టకండమ్మా" అన్నాను, సిగ్గులేకుండా. "తప్పు నాది. చీట్లు తీశావా అని ఒక్కసారైనా అడిగానా?" అంది. వారానికి జవాబొచ్చింది: సంస్థ పెద్ద చెప్తే తప్ప ఆపలేమని. రోజూ ఆవిడ ఇచ్చిన టీ తాగి, ఆవిడ బల్ల మీదే కప్పు వదిలేసి పోయే తోటివాళ్లంతా ఆ గది ముందు నడవడం మానేశారు.

తర్వాత ఏమైందో తెలీదు, ఉన్నట్టుండి మీటింగన్నారు. పెద్దసారు మైకు పట్టుకుని, "ఈ లోపం నేను స్వయంగా కనిపెట్టాను, మందు ఆపించాను. నిజాయితీ మా ఊపిరి" అన్నాడు. థూ! ఊపిరట! హాలంతా చప్పట్లు. డాక్టరమ్మ ఆఖరి వరసలో, నేను తలుపు దగ్గర.

"చూశారామ్మా, మీ సొమ్ము ఎలా మింగేశాడో!"

"మెల్లగా. ఆ మాటలు రాసిచ్చింది నేనే."

"మీరా?"

"పేరొస్తుందంటే గానీ కదలనన్నాడు. మందు ఆగిందా లేదా?"

"ఆగింది."

"అయితే కొట్టవయ్యా చప్పట్లు. లేకపోతే మళ్లీ మనసు మార్చుకుంటాడు."

ఆవిడ కొడుతోంది. నేనూ కొట్టాను. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు నాకే అసహ్యం.