లండన్‌లో పుట్టిన మనవడు

కెనడాలో, మిల్టన్‌లో మా పక్కింటి మిరియం గారు యూదులు. నేను రిటైరయ్యాక, ఆవిడ తమ వంశవృక్షం కోసం పాత రికార్డులు వెతుకుతుంటే తోడుగా కూర్చునేవాణ్ణి. పందొమ్మిదో శతాబ్దంలో వాళ్ల కుటుంబం రష్యా నుంచి లండన్‌కీ, అక్కణ్ణుంచి కెనడాకీ వలస వచ్చింది. ముత్తాత అబ్రహాం కూడా వాళ్లతో వచ్చాడని, ఆయన సమాధి ఇక్కడే ఎక్కడో దొరుకుతుందని ఆవిడ ఆశ.

ఓ ఉదయం లండన్ జనన రికార్డుల్లో, ఇప్పటి వాళ్లెవరూ ఎరగని, ఆ ముత్తాత మనవడొకడు కనిపించాడు. పేరు అబ్రహాం! నేను చప్పట్లు కొట్టేశాను.

“తాత పేరే పెట్టారండీ! ఎత్తుకుని ఎంత మురిసిపోయుంటాడో!”

మిరియం గారు కళ్లద్దాలు తీసేశారు. “మావాళ్లు బతికున్నవాళ్ల పేరు పిల్లలకి పెట్టరు, సూర్యా. అంటే ముత్తాత కెనడా చూడనేలేదు.”

చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. చివరికి ఆవిడే లేచి నాకు కాఫీ కలిపిచ్చారు.

మా మనవడికి పెట్టింది నా పేరే. మామగారి పేరు పెట్టి పిలవలేక మా కోడలు వాణ్ణి చిన్నూ అంటుంది. ఆ సాయంత్రం డేకేర్‌లో టీచర్ “సూర్యా!” అని కేకేసింది. వాడు పరుగెత్తుకొచ్చి నా కాళ్లకు చుట్టుకున్నాడు.

రోజూ వినే పిలుపే. బతికుండగా వింటున్నానన్న సంగతి ఆ రోజే తట్టింది.