ఎవరూ దిద్దని చింతచెట్టు పేజీ

మా కడప బోన్సాయ్ గ్రూపును తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. సిమెంటు డీలరు, గ్రానైటు యజమాని, ఇద్దరు డాక్టర్లు, ఇంకా అలాంటి వాళ్లే పదిమంది. మిద్దెల మీద కుండీల్లో మూరెడు చెట్లు పెంచి, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లు. రోజూ నీళ్లు పోసేది పనిమనిషి. "నా చెట్టు" అని మీసం తిప్పేది వీళ్లు.

నేను కంప్యూటర్ సెంటర్ నడుపుతాను. గ్రూపులో అడిగిందే అడిగి ప్రాణాలు తోడుతుంటే విసుగొచ్చి, అందరికీ ఒక వెబ్‌సైట్ కట్టిపెట్టాను. ఒక్కో రకం చెట్టుకొక పేజీ, దాన్ని ఎలా పెంచాలో చెబుతూ. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసిందైనా ఎవరైనా దిద్దవచ్చు. మీటింగులో ఈ మాట చెప్పగానే అందరి మొహాలూ వాడిపోయాయి.

"పెద్దన్న రాసింది గూడా దిద్దొచ్చునా?" అన్నాడు సిమెంటు డీలరు.

"దిద్దొచ్చు. అందుకే గదా కట్టింది."

"అట్ల బాగుండదప్పా."

పెద్దన్న అంటే మా ప్రెసిడెంటు. కమలాపురం వైపు భూములున్న కుటుంబం, కాంట్రాక్టులు, ఇస్త్రీ నలగని తెల్లబట్టలు. ఒక డాక్టరు ఏదో పేజీలో ఆయన రాసిన ఒక్క వాక్యం మార్చాడు. తెల్లారేసరికి భయం పట్టుకుంది. సంచి నిండా చీనీకాయలు తీసుకుని ఆయన ఇంటికి వెళ్లి, "తెలీక చేసినానన్నా" అని చెప్పి, వచ్చి పాత వాక్యమే మళ్లీ పెట్టేశాడు. మనుషుల గుండెలు కోసి కుట్టే డాక్టరు! అప్పటినుంచి కామా పెట్టాలన్నా ముందు పెద్దన్నకు ఫోన్ చేసేవాళ్లు.

చింతచెట్టు పేజీ పెద్దన్నే రాశాడు. ఏదో చలిదేశపు పుస్తకం ముందర పెట్టుకుని ఉన్నదున్నట్టు దించాడు. ఏప్రిల్లో కుండీ మార్చాలట. వేర్లు సగం కత్తిరించాలట. తర్వాత పొద్దంతా ఎండ తగిలేచోట పెట్టాలట. కడపలో, ఏప్రిల్లో! ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, కింద అందరూ "సూపర్ అన్నా" అని వరసకట్టారు.

నేను పుట్టి పెరిగింది నర్సరీ నడిపిన ఇంట్లో. ఆ పేజీ చూడగానే తప్పని తెలిసింది. మా ఆవిడకు చదివి వినిపించి కడుపుబ్బ నవ్వాను. దిద్దడానికి ఒక్క నిమిషం చాలు. దిద్దలేదు. ఈయన తెలివి నలుగురికీ తెలియనీ అనుకున్నాను. లోపల భయం కూడా ఉంది, దాన్ని మాత్రం ఆవిడకు చెప్పలేదు.

బద్వేలులో ఒక రిటైరైన టీచరమ్మ మా సైటు చదివేది. ఆమె దగ్గర ఉన్నది ఒకటే చెట్టు, చింత. చనిపోయిన భర్త బడి గోడ పక్కన మొలిచిన మొక్కను తెచ్చి ఇరవై ఏళ్లు పెంచాడట. ఏప్రిల్ చివర్లో ఆమె ఫోన్ చేసింది.

"నాయనా, ఆకులన్నీ రాలిపోతాండాయి. ఏం చేయల్ల?"

బస్సెక్కి వెళ్లాను. గోటితో బెరడు గీకితే ఎక్కడా పచ్చదనం లేదు. ఏ కొమ్మ గీకినా అంతే.

"మీ దాంట్లో రాసినట్టే చేసినా నాయనా. మా సారు ఉన్నప్పుడు వానలు పడినంకనే కుండీ మారుస్తాండె. పెద్దోళ్లు రాసినారు, వాళ్లకు తెలీదా అనుకుంటి."

ఆమె ఏడవలేదు. నాకు మజ్జిగ ఇచ్చి కూర్చుంది. నేను గ్లాసు పక్కన పెట్టేశాను.

పెద్దన్న మీద కోపంతో అక్కడి నుంచే గ్రూపులో పెట్టాను, టీచరమ్మ చెట్టు చచ్చిపోయిందని. ఏదో సాకు చెబుతాడు, అప్పుడు కడిగేద్దామని కాచుకున్నాను. మధ్యాహ్నానికి ఆయన కారు గుమ్మం ముందు ఆగింది. తెల్లబట్టలతోనే ఆ కుండీ పక్కన కింద కూలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. ఆ పుస్తకం మంచుదేశపోళ్లదని నాకు తలకెక్కలేదు. శానా పాపం చేసినా" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. నాకేసి తిరిగాడు.

"ఏమప్పా, ఇంతమంది చదివినారే! తప్పని ఒక్కనికీ తెలీలేదా? నాకు చెప్పుంటే ఆ పొద్దే చెరిపేసుంటి గదా. నీకైనా తెలీలేదా?"

ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"నాకేం తెలుసన్నా" అన్నాను.

"ఆయప్పను అనొద్దులే" అంటూ టీచరమ్మే నన్ను వెనకేసుకొచ్చింది. "కంప్యూటర్ల పని చేసుకునే పిలగాడు. చెట్ల సంగతి తెలిసుంటే చెప్పకుండా ఉంటాడా?"