గీ ఫోటోకు ఈడ రేటు లేదు

సారు పోయారని ఆయన భార్య, మా మేడమ్, ఫోన్ చేసినప్పుడు నేను పాలంపేటలో ఉన్నాను. రామప్ప గుడి మీద సాయంత్రపు ఎండ పడుతోంది. ఆ వెలుగు కోసమే పొద్దుట్నుంచి కాచుకుని ఉన్నాను. "ఛాతిల నొప్పి అన్నరు బిడ్డా. దవాఖానకు పోయేదాక సుత ఆగలే," అన్నారామె. తర్వాత ఒక్క ఫోటో కూడా తీయలేకపోయాను. సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాక కూడా కుదురు లేదు. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియదు. ఫోన్‌లో ఎవరో ఒక ఫోటోకు రేటు అడుగుతూనే ఉన్నారు. జవాబు టైపు చేస్తాను, చెరిపేస్తాను.

హన్మకొండలో సారుది చిన్న స్టూడియో. చర్చి పెళ్లిళ్లు, బాప్తిస్మాలు తీసేవారు, పత్రికలకూ కంపెనీలకూ ఫోటోలు ఇచ్చేవారు. డిగ్రీ అయ్యాక కెమెరా నేర్పమని వెళితే ముందు బేరం నేర్పారు. "ఫోటో అమ్ముతలేం బిడ్డా, వాడుకోనిస్తున్నం. ఇల్లు కిరాయికిచ్చినట్టే. ఏడ పెడ్తరు, ఎంత పెద్దగ పెడ్తరు, ఎన్ని దినాలు పెడ్తరు, ఇంకెవలకన్న ఇస్తరా? గివి అడగకుండ రేటు చెప్పకు." ఫోన్‌లో ధర చెప్పగానే పెదవులు బిగించేసేవారు. అవతలి మనిషి తటపటాయిస్తుంటే నాకు తగ్గించేద్దామనిపించేది. ఆయన మాత్రం చల్లారిన చాయ్‌కేసి చూస్తూ ఉండేవారు. "చెప్పినంక నోరు మూసుకోవాలె. ఊకుండలేక మనమే మాట్లాడితే మనమే తగ్గిస్తం," అనేవారు తర్వాత.

నెక్కొండ దగ్గర మిరప కల్లంలో ఒక అక్క ఫోటో తీశాను నేను. ఎర్రటి రాశి ముందు తలగుడ్డ సర్దుకుంటూ నవ్వింది. విత్తనాలూ పురుగుమందులూ అమ్మే ఒక కంపెనీకి ఆ ఫోటో నచ్చింది. ఎప్పటికీ, ఎక్కడైనా వాడుకునే హక్కు మొత్తం రాసిస్తే, నేను కలలో కూడా అడగని ధర ఇస్తామన్నారు. సంతోషంతో స్టూడియోకు పరుగెత్తాను.

"ఆమెను అడిగినవా?" అన్నారు సారు.

మర్నాడే ఇద్దరం నెక్కొండ రైలెక్కాం. అక్క ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏడనన్న పెట్టుకోండ్రి సారూ. పురుగుల మందు డబ్బ మీద మాత్రం నా మొఖం వద్దు. మా ఆయన గా మందు తాగే పోయిండు."

తిరిగి రాగానే సారు కంపెనీతో ఒప్పందం గట్టిగా రాయించారు. విత్తనాల ప్యాకెట్లు, క్యాలెండరు, ఒక్క పంటకాలం. పురుగుమందులకు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు, ఇతరులకు ఇవ్వరాదు. ధర సగానికి పడిపోయింది. వచ్చినదాంట్లో అక్క వాటా అక్కకు పంపించాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజమే. పోయిన డబ్బు గుర్తొచ్చి కాదు. ఆ నవ్వు వెనక అంత ఉందని ఫోటో తీస్తున్నప్పుడు నాకు తెలియనందుకు.

పంట చేతికి రాకముందే మరిపెడలో, పురుగుమందుల దుకాణం నెత్తిన, పెద్ద ఫ్లెక్సీ మీద అక్క నవ్వుతూ కనిపించింది. ముఖం పక్కనే మందు సీసా. సారుకు చెప్పగానే చాయ్ వదిలేసి బండి తీశారు. దారి పొడవునా నాకు ఒకటే భయం, ఆమె ఈ దారిన బస్సులో పోతే?

"గా కంపెనోళ్లే పంపిన్రు సార్. ఉండనియ్యుండ్రి, పైసలు నేనిస్త, ఎంతో చెప్పుండ్రి," అన్నాడు దుకాణదారు.

"గీ ఫోటోకు ఈడ రేటు లేదు," అన్నారు సారు.

అక్కడి నుంచే కంపెనీకి ఫోన్ చేసి, ఒప్పందంలోని మాట చదివి వినిపించారు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. సారూ మాట్లాడలేదు. చివరికి దుకాణదారు ఫోన్ మోగింది. అతడు విని, గొణుక్కుంటూ నిచ్చెన తెప్పించాడు. తాళ్లు విప్పుతుంటే కింద నిలబడి, "జర పైలం, మడత వడనియ్యకు," అని సారు ఒకటే కేకలు. మళ్లీ ఆ బొమ్మ ఎక్కడా కనబడలేదు.

నిన్న ఉండబట్టలేక నెక్కొండ వెళ్లాను. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అక్క తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది. నన్ను చూడగానే, "సారు రాలేదా బిడ్డా?" అంది.

చెప్పాను.

ఆమె లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటు పట్టిన చేతులు. వాటితో కళ్లు తుడుచుకోలేక, రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని, ముఖం గాలికి పెట్టి అలాగే నిలబడింది.