రెండోసారి ఊదిన ఈల

నా చిన్నప్పుడు నాకు కుళ్ళు ఎక్కువ. ఇది ఎవరో అన్న మాట కాదు, నేనే ఒప్పుకుంటున్నాను. క్లాసులో ఎవరైనా కొత్త బూట్లు వేసుకొచ్చినా, చర్చిలో నా పాటకన్నా ఇంకొకరి పాటకి చప్పట్లు ఎక్కువ పడినా ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. అయితే ఆ కుళ్ళులన్నీ ఒక ఎత్తు, పక్కింటి అక్క మీద ఉన్న కుళ్ళు ఒక ఎత్తు.

మేం అప్పుడు వర్జీనియాలో, షాంటిలీలో ఉండేవాళ్ళం. అక్క వాళ్ళ నాన్న, మా నాన్న ఒకే ఊరివాళ్ళు. ఇళ్ళు కూడా పక్కపక్కనే కొనుక్కున్నారు. మా నాన్న పశువుల డాక్టరు. పడమటి వైపు గంటసేపు డ్రైవ్ చేస్తే గొర్రెల ఫారాలు వచ్చేవి. అక్కడ ఒక అమెరికన్ ముసలాయన మందకి నాన్న వైద్యం చేసేవాడు. మేం పిల్లలం మాలో మేం ఆయన్ని గొర్రెల తాతయ్య అనుకునేవాళ్ళం. గొర్రెల్ని మళ్ళించే కుక్కల్ని పెంచి, తర్ఫీదు ఇచ్చి, పోటీల్లో దింపడం ఆయనకి ప్రాణం. ఆ పోటీని ట్రయల్ అంటారు. శనివారాలు నాన్న వెంట నేనూ, పక్కింటి అక్కా వెళ్ళేవాళ్ళం. పోగా పోగా మాకూ ఆ పిచ్చి పట్టుకుంది. తాతయ్య మాకు చెరో కుక్కని అప్పగించాడు.

అక్కకి మెగ్‌ని ఇచ్చాడు. ఎనిమిదేళ్ళది, అన్నీ తెలిసినది, ఎన్నో ట్రయల్స్ చూసినది. నాకు దాని కొడుకుని ఇచ్చాడు. రెండేళ్ళ కుర్రకుంక, గొర్రె కనబడితే చాలు వాడికి ఒళ్ళు తెలిసేది కాదు. నేను వాడికి బుల్లోడు అని పేరు పెట్టాను. అక్కకి పదహారేళ్ళు, నాకు పన్నెండు కాబట్టి అలా ఇచ్చాడని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం, మంచిది తనకీ మిగిలింది నాకూ అనుకున్నాను.

ట్రయల్ ఎలా ఉంటుందంటే, పెద్ద మైదానంలో ఒక చివర మనిషి నిలబడతాడు. అవతలి చివర, కొండవాలు మీద, నాలుగైదు గొర్రెల్ని ఒకరు ఆపి ఉంచుతారు. కుక్క అంత దూరం చుట్టు తిరిగి వెళ్ళి, గొర్రెల వెనక చేరి, వాటిని తిన్నగా మనిషి దగ్గరికి తీసుకురావాలి. దారిలో గేట్లు ఉంటాయి, వాటి మధ్య నుంచే రావాలి. ఆఖరికి చిన్న దొడ్డిలోకి తోలాలి. గొర్రెలు దొడ్డి దగ్గరికి వచ్చేదాకా మనిషి నిలబడ్డ చోటు వదలకూడదు. ఉన్నదల్లా నోరూ, ఈలా. నాలుక మీద పెట్టుకునే చిన్న రేకు ఈల అది. కుడికి వెళ్ళమని ఒక ఊత, ఎడమకి ఒకటి, ఆగి పడుకోమని ఒకటి. ఎవరి ఊతలు వాళ్ళవే. ఒకరి కుక్క ఇంకొకరి ఊతకి లొంగదు.

అక్క ఊతలు నాకు కంఠతా వచ్చు. ఆమె రోజూ సాయంత్రం వాళ్ళ పెరట్లో సాధన చేసేది, నా గది కిటికీ అటే ఉండేది. పడుకోమనడానికి ఆమె ఊదే ఈల పైన మొదలై మెల్లగా కిందకి జారి, చివర్లో చిన్నగా తెగేది. నేను బాత్‌రూమ్ తలుపు వేసుకుని, ట్యాప్ తిప్పి, ఆ చప్పుడులో దాన్ని నేర్చుకున్నాను. మోసం చేద్దామని నేర్చుకోలేదు. అక్కలా ఉండాలని నేర్చుకున్నాను. ఆమె ఓడిపోవాలని కోరుకోవడానికి చాలా ముందే నాకు ఆమె అయిపోవాలని ఉండేది.

ఎలా ఉండదు? అమెరికాలో పుట్టిన పిల్ల, తెలుగు మాట్లాడితే ముక్కులోంచి వచ్చేది, అయినా మా అమ్మకి ఆ తెలుగే ముద్దు. నాన్న సంగతి చెప్పక్కర్లేదు. ఫారం నుంచి వస్తూ కార్‌లో, "చూడమ్మా, అక్క ఎంత నెమ్మదిగా చెప్తుందో. నువ్వు ఆ కేకలు తగ్గించు," అనేవాడు. మెగ్ నా దగ్గరుంటే నేనూ నెమ్మదిగానే చెప్పేదాన్ని అని కిటికీకేసి గొణిగేదాన్ని. అక్క మాత్రం నన్ను సొంత చెల్లెల్లా చూసేది, నాకు జడ వేసేది, తన చిప్స్‌లో సగం నాకిచ్చేది. అది నాకు ఇంకా మంటగా ఉండేది.

ఆ వేసవిలో తాతయ్య ఫారంలోనే రెండు రోజుల ట్రయల్ పెట్టారు, శని ఆదివారాలు. ఆదివారం చర్చి ఎగ్గొట్టి గొర్రెల వెంట పడతారా అని అమ్మ సణిగింది, సణుగుతూనే అందరికీ సరిపడా చికెన్ పలావ్ వండి పంపింది. శనివారం పొద్దున కొత్తవాళ్ళ పోటీలో నేనూ బుల్లోడూ దిగాం. దొడ్డి దాకా ఎలాగో తెచ్చాం. దొడ్డి గేటుకి ఒక తాడు ఉంటుంది, గొర్రెలు లోపలికి వెళ్ళేదాకా దాన్ని వదలకూడదు. నా మెడ మీద ఈగ వాలింది. తాడు వదిలేసి రెండు చేతులతో మెడ చరుచుకున్నాను. అంతే, మార్కులు పోయాయి, గొర్రెలు పోయాయి, నవ్వులు వినబడ్డాయి. ఏడుపు మొహంతో బుల్లోణ్ణి తీసుకుని, జనానికి దూరంగా, కంచె వెంబడి కొండ వైపు నడుచుకుంటూ పోయి, నా ఈల నోట్లో పెట్టుకుని ఒక చెట్టు నీడలో కూర్చున్నాను.

మధ్యాహ్నం పెద్దవాళ్ళ పోటీ. అక్క వంతు వచ్చింది. నేను కూర్చున్న చోటు నుంచి ఆమె చిన్న బొమ్మలా కనబడుతోంది. మెగ్ మాత్రం నాకు దగ్గర. అది కొండవాలు చుట్టి వచ్చిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. గొర్రెలు బెదరలేదు, గీత గీసినట్టు తిన్నగా కదిలాయి. అటు కార్ల దగ్గర మాటలు కూడా ఆగిపోయాయి. గాలి అక్క వైపు నుంచి కొండ మీదకి వీస్తోంది, ఆమె ఈల స్పష్టంగా వినబడుతోంది. గొర్రెలు కొంచెం పక్కకి జరిగితే, అటు కాయమని ఆమె మెగ్‌కి ఊదింది. మెగ్ కదిలింది. అప్పుడు నేను ఊదాను. పైన మొదలై, కిందకి జారి, చివర్లో తెగే ఊత. మెగ్ ఉన్నపళంగా గడ్డిలో పడుకుంది.

మొదటిది చెయ్యి జారినట్టు నోరు జారిందనే అనుకుందాం. ఎన్నాళ్ళుగానో నోట్లో నానుతున్నది బయటికి వచ్చేసింది. అక్క మళ్ళీ ఊదింది, మెగ్ లేచింది, పరిగెత్తబోయింది. ఇంకా సమయం ఉంది, గొర్రెలు ఇంకా చేయి దాటలేదు. నేను రెండోసారి ఊదాను. ఈసారి ఏం చేస్తున్నానో నాకు బాగా తెలుసు. మెగ్ మళ్ళీ పడుకుంది, గొర్రెలు గేటు తప్పి చెట్లలోకి పారిపోయాయి. అక్క చెయ్యెత్తి జడ్జికి థాంక్యూ చెప్పింది. ఇక చాలు, తప్పుకుంటున్నాను అని చెప్పే పద్ధతి అది. నాకు ఒక్క నిమిషం ఒళ్ళంతా తేలికైంది. ఒక్క నిమిషమే.

సాయంత్రం టెంట్ కింద భోజనాలు. ఆ కుక్కలవాళ్ళకి ఒక ఆచారం ఉంది. గెలిచినవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. ఒక్కొక్కరే లేచి ఆ రోజు తాము చేసిన పెద్ద తప్పు చెప్పాలి. అందరికన్నా ఘనమైన తప్పు చేసినవాళ్ళకి ఆపిల్ పై అనే తీపి వంటకంలో మొదటి ముక్క. ఒకాయన కుడికి బదులు ఎడమ ఊదానన్నాడు. ఇంకొకావిడ పొరపాటున పక్కావిడ కుక్క పేరు పెట్టి పిలిచానంది. అందరూ పగలబడి నవ్వుతున్నారు. నేను ఈగ సంగతి చెప్పాను, మెడ ఎలా చరుచుకున్నానో చేసి మరీ చూపించాను. టెంట్ ఊగిపోయింది.

తర్వాత అక్క లేచింది. ఆమె నవ్వలేదు, ఎవర్నీ నవ్వించలేదు. మెగ్‌కి దూరం నుంచి వినబడటం లేదనీ, అది తెలుసుకోకుండా దాన్ని అంత కొండ ఎక్కించడమే తన తప్పనీ ఇంగ్లీషులో చెప్పింది. రేపు దింపననీ, ఇంకెప్పుడూ దింపననీ అంది. తర్వాత మా నాన్న వైపు తిరిగి, "అంకుల్ కూడా చెక్ చేశారు కదా. దగ్గరుంటే వింటుంది, దూరం అయితే కష్టం అన్నారు," అంది. నాన్న తల ఊపాడు. వయసు మీద పడితే కుక్కలకి అంతే అన్నాడు. మెగ్ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని తల పైకెత్తి ఆమె మొహమే చూస్తోంది. పరుగు లేకపోతే ఆ జాతి కుక్క ఎలా నీరసించిపోతుందో నాకు తెలుసు. అయినా తల వంచుకుని ప్లేట్లో పలావ్ కెలుకుతూ కూర్చున్నాను.

మొదటి ముక్క ఎవరికో తేల్చాల్సింది తాతయ్య. ఆ రోజంతా ఆయన కొండ మీద గొర్రెల్ని ఆపి ఉంచిన మనిషి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆయన ప్లేటు తీసుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా ముందు పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఫోర్క్ సర్దుతున్నట్టు వంగి, నా ఒక్కదానికే వినబడేలా, "ఈ ముక్క తాడు వదిలినందుకు కాదు," అన్నాడు. అంతే. ఇంకో మాట అనలేదు, నావైపు మళ్ళీ చూడనైనా లేదు. పక్కవాళ్ళతో వాన గురించి మాట్లాడుతూ వెళ్ళిపోయాడు.

ఆ ముక్క నేను తినలేకపోయాను, వదిలి లేవలేకపోయాను. ఆయన అందరి ముందూ చెప్పేసి ఉంటే బాగుండేదనిపించింది. తిట్టేవారు, ఏడ్చేదాన్ని, అయిపోయేది. ఆయన నా తప్పుని నా ప్లేట్లో పెట్టి, ఏం చేసుకుంటావో చేసుకో అన్నట్టు వదిలేశాడు. ఇంకా వెలుతురు ఉంది. అక్క తన సామాను కార్‌లో సర్దుకుంటోంది. వెళ్ళి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు, మొదటి మాట మాత్రం గుర్తుంది. "అక్కా, మెగ్‌కి చెవులు బాగానే ఉన్నాయి. నేనే ఊదాను."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఊది చూపించు," అంది. మెగ్‌ని మైదానం అవతలి కంచె దాకా పంపించింది. నా పెదాలు ఎండిపోయి మొదటిసారి ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదాను. అంత దూరాన ఆ నల్లటి చుక్క ఉన్నచోటే నేలకి అంటుకుపోయింది. అక్క గడ్డిలో కూలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది. "ఓ మై గాడ్, దానికి వినిపిస్తుంది, షీ కెన్ హియర్ మీ," అంటూ ఏడ్చింది, నవ్వింది. నేనక్కడ ఉన్నానన్నదే మర్చిపోయింది. కాసేపటికి గుర్తొచ్చి నావైపు చూసింది.

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

ఆమె లేచి, బట్టలు దులుపుకుని, మెగ్‌ని పిలుచుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కార్‌లో నాన్నకి చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. "నేను డాక్టర్నై ఉండి, చెవి కూడా సరిగ్గా చూడకుండా ముసలిదైపోయిందని చెప్పేశాను," అన్నాడు. ఆ రాత్రే పక్కింటికి వెళ్ళి, పదహారేళ్ళ పిల్లకి సారీ చెప్పి వచ్చాడు. అది నాకు ఏ దెబ్బకన్నా గట్టిగా తగిలింది. మర్నాడు అక్క మెగ్‌ని దింపింది. నాలుగో స్థానం వచ్చింది. నేను కంచె దగ్గర, అందరికీ కనబడేలా, చేతులు కట్టుకుని నిలబడి చూశాను. ఎంత బాగా చేసిందో! అంత జరిగాక కూడా నాకు కుళ్ళు వచ్చింది, అబద్ధం ఎందుకు.

తర్వాత రెండు నెలలు ఆమె నాతో మాట్లాడలేదు. జడ నేనే వేసుకున్నాను, వంకరగా. బుల్లోడికి ఈల నేర్పడం మొదలుపెట్టి కూర్చుంటే తెలిసింది, నోటికి అక్క ఊతలే తప్ప ఇంకేమీ రావు. ఆమెవన్నీ నేర్చుకునే పనిలో పడి నాకంటూ ఒక్కటీ కట్టుకోలేదు. ఇన్నాళ్ళూ వాడు నా మాట వినడం లేదని తిట్టుకున్నాను గానీ, వాడికి వినడానికి నేను ఇచ్చిందేముంది, కేకలు తప్ప? మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెట్టాను.

స్కూళ్ళు తెరిచాక ఒక సాయంత్రం అక్క మా పెరట్లోకి వచ్చింది. నా వంకర జడ విప్పి మళ్ళీ అల్లుతూ, వెనక నుంచి అంది. "చూడు, జెలసీ వస్తే వస్తుంది. నాకు కూడా వస్తుంది. కానీ నెక్స్ట్ టైమ్ వస్తే, నా దగ్గరికి వచ్చి నాకే చెప్పు. ఓకే?" నేను తల ఊపాను. జడ లాగినట్టై కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జడ వల్లే అని చెప్పాను.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. కుళ్ళు తగ్గుతుందని పెద్దవాళ్ళు అంటారు, నాకైతే తగ్గలేదు. కాకపోతే ఆ రోజు నుంచీ వచ్చినప్పుడల్లా వెళ్ళి ఎదురుగా చెప్పేస్తాను. ఆఫీస్‌లో నాకు రావలసిన ప్రమోషన్ ఇంకొకావిడకి వస్తే, కంగ్రాట్స్ చెప్పి, నాకు చాలా కుళ్ళుగా ఉందండీ అని కూడా చెప్పాను. ఆవిడ బిత్తరపోయి, తర్వాత నవ్వి, నాతో లంచ్‌కి వచ్చింది. చర్చిలో బాగా పాడే ఆంటీకీ చెప్పాను. చెప్పేశాక ఇంకేమీ చేయబుద్ధి కాదు, అదేమి చిత్రమో.

మొన్న అక్క ఫోన్ చేసి వాళ్ళమ్మాయికి మెడికల్ సీటు వచ్చిందని చెప్పింది. మా వాడు ఇంకా ఏ చదువూ తేలకుండా సోఫాలో పడి ఉన్నాడు. కంగ్రాట్స్ అని గబగబా అనేశాను. అటు నుంచి అక్కే, "వచ్చిందా?" అంది.

"వచ్చిందక్కా. చాలా వచ్చింది," అన్నాను.

"గుడ్. ఇప్పుడు చెప్పు, పార్టీకి పలావ్ నువ్వు చేస్తావా?"

చేస్తానన్నాను.